ఏడాదికి రెండు నెలల సైనికులు

సైన్యంలో అధికారిగా చేరడానికి ముందే చేతిలో వేరే ఉద్యోగం ఉండాలనే షరతు టెరిటోరియల్ ఆర్మీ (టీఏ) ప్రత్యేకత. మామూలు సైనిక నియామకాలకు వచ్చే యువకుడు ఉపాధి కోసం వస్తాడు. టెరిటోరియల్ ఆర్మీ అధికారి పోస్టుకు దరఖాస్తు పెట్టే మనిషి మాత్రం తనకు ఇప్పటికే సంపాదన ఉందని కాగితాలు చూపించాలి. బ్యాంకు ఉద్యోగి, లెక్చరర్, వకీలు, ఇంజినీరు, సొంత వ్యాపారం నడుపుకునే వ్యక్తి, ఎవరైనా సరే, ఏడాదిలో ఎక్కువ భాగం తన పని తాను చూసుకుంటూ, కొంతకాలం యూనిఫాం వేసుకుని, అవసరం పడినప్పుడు పిలుపందుకుని బయల్దేరడం ఇక్కడి పద్ధతి. పూర్తికాలపు కొలువుకు హామీ లేదనీ, పింఛనుకూ హామీ లేదనీ ప్రకటనల్లో ముందే రాసేస్తారు.

దేశంలో ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. బ్రిటిష్ ప్రభుత్వం 1920లో చట్టం చేసి ఇండియన్ టెరిటోరియల్ ఫోర్స్‌ను ఏర్పాటు చేసింది. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో టెరిటోరియల్ ఆర్మీ చట్టం వచ్చింది. తొలి భారతీయ గవర్నర్ జనరల్ సి.రాజగోపాలాచారి 1949 అక్టోబరు 9న ఈ సేనను లాంఛనంగా ప్రారంభించారు. ఏటా ఆ రోజునే టీఏ దినంగా జరుపుతారు. రెగ్యులర్ సైన్యాన్ని కాపలా పనుల నుంచి తప్పించి యుద్ధానికి వదలడం, ప్రకృతి వైపరీత్యాల్లో పౌర యంత్రాంగానికి తోడ్పడటం, అత్యవసర సర్వీసులు ఆగిపోకుండా చూడటం, సైన్యం అడిగినప్పుడు యూనిట్లను సమకూర్చడం దీని బాధ్యతలు. 1962, 1965, 1971 యుద్ధాల్లో టీఏ యూనిట్లు పాల్గొన్నాయి. శ్రీలంకలో జరిగిన ఆపరేషన్ పవన్‌లోనూ, పంజాబ్, జమ్మూ కశ్మీర్, ఈశాన్య రాష్ట్రాల్లోని భద్రతా విధుల్లోనూ పనిచేశాయి.

ప్రభుత్వం వైపు నుంచి చూస్తే ఇది పొదుపైన ఏర్పాటు. శాంతికాలంలో యూనిట్‌లో పూర్తికాలం ఉండేది కొద్దిమంది సిబ్బందే. మిగిలినవారికి శిక్షణలో, విధుల్లో ఉన్న రోజులకే జీతం. తక్కిన రోజుల్లో వారి ఇల్లు గడిపే బాధ్యత వారి యజమానులదో, వ్యాపారానిదో, పొలానిదో. ఆ రెండో జీవితం ఎంత సాఫీగా సాగితే ఈ సైన్యం అంత బాగా నడుస్తుంది. కాబట్టి ఉద్యోగానికీ సైనిక సేవకూ పొత్తు కుదరడం ఆ ఒక్క మనిషి సొంత సమస్యే అనుకోవడానికి వీల్లేదు. మొత్తం వ్యవస్థ దాని మీదే నిలబడి ఉంది.

చేరేదెలా?

అధికారిగా చేరాలంటే వయసు 18 నుంచి 42 ఏళ్ల మధ్య ఉండాలి. డిగ్రీ, శారీరక దారుఢ్యం, సంపాదన, ఈ మూడూ తప్పనిసరి. రెగ్యులర్ సైన్యం, నౌకాదళం, వైమానిక దళం, పోలీసు, పారామిలిటరీ దళాల్లో పనిచేస్తున్నవారు అర్హులు కారు. ప్రభుత్వోద్యోగులు తమ శాఖ నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చుకోవాలి. రాతపరీక్ష గట్టెక్కినవారిని టీఏ గ్రూప్ హెడ్‌క్వార్టర్స్‌లో ప్రాథమిక ఇంటర్వ్యూకు పిలుస్తారు. తెలుగు రాష్ట్రాలవారికి సంబంధించిన గ్రూప్ హెడ్‌క్వార్టర్స్ పుణెలో ఉంది. ఆ తర్వాత సైనికాధికారులను ఎంపిక చేసే ఎస్ఎస్‌బీ (సర్వీసెస్ సెలక్షన్ బోర్డు) ఇంటర్వ్యూ, వైద్య పరీక్షలు. పార్ట్‌టైమ్ కదా, వడపోత తేలిగ్గా ఉంటుందనుకుంటే పొరపాటే. 2025 ప్రకటనలో దేశం మొత్తానికి చూపిన అధికారి పోస్టులు 19.

జవాన్ల నియామకం తీరు వేరు. యూనిట్ల వారీగా ర్యాలీలు పెడతారు. వాటికి వేలమంది కుర్రాళ్లు వస్తారు. వారిలో చాలామందికి వేరే ఉద్యోగం ఉండదు, టీఏనే ఉద్యోగమని నమ్మి వస్తారు. నిబంధనల్లోని ఊహకూ మైదానంలో కనిపించేదానికీ మధ్య తేడా ఇక్కడే మొదలవుతుంది. యూనిట్ ఏళ్ల తరబడి విధుల్లో ఉంటే ఆ కుర్రాడికి నెలనెలా జీతం వస్తుంది. యూనిట్‌ను విధుల నుంచి తప్పిస్తే ఇంటికి రావాలి, ఇంటి దగ్గర ఎదురుచూసే కొలువేమీ ఉండదు. చట్టం ఊహించిన టీఏ సైనికుడు ఇతడు కాడు.

క్యాలెండర్‌తో కుస్తీ

కొత్తగా చేరిన అధికారికి మొదటి ఏడాది నెలరోజుల ప్రాథమిక శిక్షణ ఉంటుంది. మొదటి రెండేళ్లలోపు చెన్నైలోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీలో మూడు నెలల కోర్సు చేయాలి. ఆపైన ఏటా రెండు నెలల వార్షిక శిబిరం. ఉద్యోగపరంగా అన్నిటికన్నా గడ్డుకాలం ఈ మొదటి రెండేళ్లే. ఏటా రెండు నెలల సెలవుకు తలూపిన మేనేజరు కూడా చెన్నై కోర్సు మాట వచ్చేసరికి నుదురు చిట్లిస్తాడు.

జవాన్ల శిక్షణకు రెండు పద్ధతులున్నాయి. ప్రొవిన్షియల్ యూనిట్లలో రెండు నెలలు ఏకధాటిగా శిబిరంలో ఉండాలి. పల్లెల నుంచి వచ్చేవారికి వీలుగా ఉంటుందని అలా పెట్టారు. ఊళ్లో సేద్యం చేసుకునే మనిషి పనులు తెమిలాక వచ్చి రెండు నెలలు ఉండి వెళ్లగలడు, వారం వారం వచ్చిపోవడం అతనికి కుదరదు. అర్బన్ యూనిట్లది వారాంతపు పద్ధతి. శని, ఆదివారాల్లో, సెలవు రోజుల్లో యూనిట్‌కు వెళ్లి శిక్షణ పొందుతారు. నాలుగు గంటల శిక్షణను ఒక రోజు కింద లెక్క కడతారు. ఏడాదిలో ఒక చిన్న శిబిరం కూడా ఉంటుంది. ఫ్యాక్టరీలోనో ఆఫీసులోనో వారంలో ఆరు రోజులు పనిచేసే నగరవాసిని దృష్టిలో పెట్టుకుని చేసిన ఏర్పాటు ఇది. ఆ మనిషికి మిగిలే ఒక్క ఆదివారమూ డ్రిల్ మైదానంలో గడిచిపోతుందన్న సంగతి నిబంధనల పుస్తకంలో ఉండదు. ఇంట్లో వాళ్లను అడిగితే తెలుస్తుంది.

శిబిరం ఎలా ఉంటుందో కాస్త దగ్గరగా చూస్తే ఈ కుస్తీలో ఇంకో కోణం కనబడుతుంది. రిపోర్టు చేసిన రోజు కాగితాలు, వైద్య పరీక్ష, కిట్ పంపిణీతో సరిపోతుంది. మర్నాడు చీకటితోనే పీటీ. ఆ తర్వాత డ్రిల్, ఆయుధాన్ని విప్పి బిగించడం, మ్యాప్ చదవడం, ఫైరింగ్ రేంజ్, సాయంత్రం ఆటలు, రాత్రి రోల్ కాల్. ఆయుధాగారాన్ని సైన్యంలో కోత్ అంటారు. అక్కడ రైఫిల్ తీసుకునేటప్పుడూ తిరిగి అప్పగించేటప్పుడూ రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి. ఇక దేహ దారుఢ్యాన్ని కొలిచే పరీక్ష బీపీఈటీ. యుద్ధపు సామగ్రి ఒంటికి తగిలించుకుని, ఆయుధం పట్టుకుని 5 కిలోమీటర్లు పరుగెత్తాలి. తాడు పట్టుకుని పైకి పాకాలి. 9 అడుగుల గొయ్యిని ఒక్క దూకులో దాటాలి. పదినెలలు ఆఫీసు కుర్చీలో కూర్చున్న 38 ఏళ్ల మనిషి శిబిరానికి పదిరోజుల ముందు నడక మొదలుపెడితే ఇవేవీ గట్టెక్కవు. అందుకే కొన్నేళ్లుగా టీఏలో ఉన్నవారి దినచర్యలో పొద్దుటి పరుగు ఏడాది పొడవునా ఉంటుంది. సైన్యం జీతమిచ్చేది రెండు నెలలకే అయినా ఒళ్లు మాత్రం పన్నెండు నెలలూ సైనికుడిదిగానే ఉండాలి.

శిబిరం తేదీలను యూనిట్ నిర్ణయిస్తుంది, ఉద్యోగి కాదు. అసలు చిక్కంతా ఇక్కడే. పన్ను రిటర్నుల గడువులు ముంచుకొచ్చే జులై నుంచి అక్టోబరు వరకు ఒక చార్టర్డ్ అకౌంటెంట్ కదలలేడు. పరీక్షల కాలంలో లెక్చరర్‌కూ, మార్చి నెలాఖరులో బ్యాంకు ఉద్యోగికీ, ప్రాజెక్టు అప్పగించే వారంలో సాఫ్ట్‌వేర్ ఇంజినీరుకూ అదే పరిస్థితి. తేదీలు తెలిసిన రోజే పై అధికారికి రాతపూర్వకంగా తెలియజేసి, తన పని ఎవరు చూస్తారో తానే ప్రతిపాదించే ఉద్యోగికి గొడవ సగం తగ్గుతుంది. బయల్దేరే వారం రోజుల ముందు మూవ్‌మెంట్ ఆర్డర్ పట్టుకుని మేనేజరు గదిలోకి వెళ్లే మనిషికి చట్టం అండ ఉన్నా సహోద్యోగుల అండ ఉండదు. అతని పని నెత్తిన పడేది వాళ్లకే కదా.

పిలుపు వచ్చిన రోజు

రెండు నెలలు అన్నది శాంతికాలపు లెక్క. టీఏ సైనికుడికి మూడు సందర్భాల్లో సైనిక విధి తప్పదని చట్టం చెబుతుంది. పౌర యంత్రాంగానికి సాయంగానో ముఖ్యమైన చోట్ల కాపలాకో పిలిచినప్పుడు, శిక్షణకో రెగ్యులర్ సైన్యానికి మద్దతుగానో యూనిట్‌ను ఎంబాడీ చేసినప్పుడు, సొంత కోరిక మీదనో నిబంధనల ప్రకారమో రెగ్యులర్ దళానికి అటాచ్ అయినప్పుడు. యూనిట్‌ను కొలువు తీర్చి మనుషులను పూర్తికాలపు విధుల్లోకి తీసుకోవడాన్ని సైన్యంలో ఎంబాడీ చేయడమంటారు. ఆ క్షణం నుంచి జవానుకు 1950 నాటి సైనిక చట్టం వర్తిస్తుంది. నిన్నటివరకూ ఆఫీసుకు రాకపోతే మెమో ఇచ్చేవారు, ఇవాళ యూనిట్‌కు రాకపోతే సైనిక శిక్ష ఉంటుంది. కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇస్తే తప్ప దేశ సరిహద్దులు దాటి పనిచేయమని మాత్రం అడగరు.

2025 మే 6న రక్షణ శాఖ ఇచ్చిన నోటిఫికేషన్‌తో ఈ సంగతి దేశానికంతటికీ మళ్లీ గుర్తొచ్చింది. 1948 టెరిటోరియల్ ఆర్మీ నిబంధనల్లోని 33వ నిబంధన కింద, టీఏలోని ప్రతి అధికారినీ ప్రతి సైనికుడినీ విధుల్లోకి పిలిచే అధికారాన్ని సైన్యాధిపతికి ఇచ్చారు. ఉన్న 32 ఇన్‌ఫాంట్రీ బెటాలియన్లలో 14ను వివిధ కమాండ్ల పరిధిలో మోహరించడానికి ఎంబాడీ చేయవచ్చని అందులో ఉంది. ఆ ఉత్తర్వు 2028 ఫిబ్రవరి 9 వరకు అమల్లో ఉంటుంది. బడ్జెట్లో నిధులుంటేనే ఎంబాడీ చేయాలనీ, వేరే మంత్రిత్వ శాఖ కోరితే ఖర్చు ఆ శాఖే భరించాలనీ కూడా రాశారు. ఆపరేషన్ సిందూర్ రోజులు కావడంతో వార్తాచానళ్లు ఆ నోటిఫికేషన్‌ను యుద్ధ సన్నాహంగా చూపించాయి. టీఏలో ఉన్న బ్యాంకు మేనేజరుకు అందులో కనబడిందల్లా తేదీలు: దాదాపు మూడేళ్ల పాటు ఎప్పుడైనా ఫోను రావచ్చు.

ఇన్‌ఫాంట్రీలో చేరే అధికారులకు ఎక్కువకాలం విధులు పడే అవకాశం ఉందని ప్రకటనల్లోనే హెచ్చరిస్తారు. ఎంబాడీ చేసిన బెటాలియన్ ఏడాది తిరిగాక కూడా సరిహద్దు ప్రాంతంలోనే ఉండిపోవచ్చు. పార్ట్‌టైమ్ అన్న మాట అప్పుడు కాగితం మీదే మిగులుతుంది. మామూలు రోజుల్లో సైన్యం ఉద్యోగానికి సర్దుకుంటుంది, ఆపద వేళల్లో ఉద్యోగమే సైన్యానికి సర్దుకోవాలి. ఇది సరిసమానమైన పొత్తు కాదు. చేరేముందు ఇంట్లోనూ ఆఫీసులోనూ చెప్పాల్సిన మొదటి మాట ఇదే. చాలామంది చివర్లో చెప్పేదీ ఇదే.

ఉద్యోగం నిలుస్తుందా?

దీనికి జవాబు 1948 చట్టంలోని 7ఏ సెక్షన్‌లో ఉంది. సైనిక విధికి పిలుపందుకున్న ఉద్యోగికి కావలసినంత సెలవు ఇవ్వడం, విధి ముగిశాక తిరిగి పనిలోకి తీసుకోవడం యజమాని బాధ్యత. తీసుకోవడమంటే ఏదో ఒక మూల కూర్చోబెట్టడం కాదు. మధ్యలో విరామమే లేకపోతే అతను ఏ స్థితిలో ఉండేవాడో దానికి తగ్గని షరతుల మీద తీసుకోవాలి. 7బీ సెక్షన్ ప్రకారం ప్రావిడెంట్ ఫండ్ లాంటి పథకాల్లో ఉన్న హక్కులు కూడా ఆ మధ్యకాలంలో పోవు.

కాగితం మీద ఇది గట్టి రక్షణే. యజమాని మాట తప్పితే ఏమవుతుందో చదివితే బిగువు తగ్గిపోతుంది. తిరిగి తీసుకోవడం సాధ్యం కాదని యజమాని అంటే ఇద్దరిలో ఎవరైనా నిర్ణీత అధికారి దగ్గరకు వెళ్లవచ్చు. ఆ అధికారి యజమానికి మినహాయింపు ఇవ్వవచ్చు, ఉద్యోగంలోకి తీసుకోమని ఆదేశించవచ్చు, లేదా పరిహారం ఇప్పించవచ్చు. ఆ పరిహారం ఎంత ఎక్కువైనా చివరిగా అందుకున్న జీతం లెక్కన ఆరు నెలల మొత్తాన్ని మించకూడదు. ఆదేశాన్ని పాటించని యజమానికి వేసే జరిమానా పరిమితి వెయ్యి రూపాయలు. ఆ రోజుల్లో వెయ్యి అంటే చిన్న మొత్తం కాదు. ఇవాళ ఏ కంపెనీ హెచ్ఆర్ విభాగమూ దానికి బెదరదు. మొండికేసిన యజమాని ఆరు నెలల జీతం పారేసి చేతులు దులుపుకునే దారి ఈ చట్టంలోనే ఉందన్నమాట.

చట్టం చూడలేనివి ఇంకా కొన్ని ఉన్నాయి. సేల్స్‌లో పనిచేసే మనిషి ఏడాదికి రెండు నెలలు లేకపోతే టార్గెట్ తగ్గదు. వార్షిక మదింపులో మేనేజరు ఇచ్చే మార్కుల మీద ఏ సెక్షనూ పనిచేయదు. సొంతంగా ప్రాక్టీసు చేసే డాక్టరుకు, వకీలుకు, కొట్టు నడిపే వ్యాపారికి అయితే ఈ రక్షణ వల్ల ఒరిగేదే లేదు. తిరిగి తీసుకోవడానికి యజమానే లేడు. పేషెంట్లు ఇంకో డాక్టరును వెతుక్కుంటారు, కక్షిదారు వాయిదా కోసం ఆగడు. భాగస్వామితో కలిసి ప్రాక్టీసు పెట్టుకున్నవాళ్లకే ఇది నెగ్గుకొస్తుంది. ప్రభుత్వ శాఖల్లో, ప్రభుత్వరంగ సంస్థల్లో ఉన్నవారికి సెలవు, సీనియారిటీ, ఇంక్రిమెంటు లెక్కలు ముందే రాసిపెట్టి ఉంటాయి కాబట్టి వారికి ఇబ్బంది తక్కువ. టీఏ ఎవరికి బాగా అచ్చొస్తుందో చెప్పమంటే మొదటి పేరు ప్రభుత్వోద్యోగిదే అవుతుంది.

వేరే దేశాలు ఈ ముడిని ఎలా విప్పుకున్నాయో తెలిస్తే మన చట్టంలో లోటేమిటో తెలుస్తుంది. అమెరికాలో నేషనల్ గార్డ్, రిజర్వ్ సైనికుల మామూలు లెక్క నెలకు ఒక వారాంతం, ఏడాదికి రెండు వారాలు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లూ వాటిలో జవాన్లుగా చేరవచ్చు కాబట్టి అక్కడి తెలుగు ఇళ్లకూ ఈ లెక్కతో పనిపడవచ్చు. యూసెర్రా అని పిలిచే 1994 చట్టం ప్రకారం ఒకే యజమాని దగ్గర మొత్తం మీద అయిదేళ్ల వరకు సైనిక విధికి వెళ్లినా ఉద్యోగం తిరిగి ఇవ్వాలి. ఆ కాలమంతా ఉద్యోగంలోనే ఉంటే వచ్చి ఉండే ప్రమోషన్‌నూ జీతాన్నీ లెక్కవేసి మరీ ఇవ్వాలి. సింగపూర్‌లో సైనిక సేవ నిర్బంధం. పౌరుల కొడుకులకే కాక, తల్లిదండ్రుల ద్వారా శాశ్వత నివాసం పొందిన మగపిల్లలకూ వర్తిస్తుంది కనుక అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు కూడా దీని పరిధిలోకి వస్తాయి. రెండేళ్ల సర్వీసు ముగిశాక రిజర్వ్‌లో ఏడాదికి 40 రోజుల వరకు పిలవవచ్చు. ఆ రోజులకు పౌర ఉద్యోగంలో పోయిన ఆదాయాన్ని ప్రభుత్వమే భర్తీ చేస్తుంది. సైనికుడికీ నష్టం లేదు, యజమాని జేబుకూ చిల్లు పడదు. మన దగ్గర యజమానికి బాధ్యత ఉంది గానీ ఆ భారాన్ని పంచుకునే ఏర్పాటు లేదు. ప్రైవేటు కంపెనీలు ముందుకు రాకపోవడానికి దేశభక్తి లోపం కంటే ఇదే పెద్ద కారణం అనుకోవాలి.

ఆఫీసే యూనిట్ అయితే

ఉద్యోగానికీ సైన్యానికీ పొత్తు నిజంగా కుదిరింది డిపార్ట్‌మెంటల్ యూనిట్లలో. రైల్వే, ఓఎన్‌జీసీ, ఇండియన్ ఆయిల్ లాంటి సంస్థలు తమ ఉద్యోగుల్లోంచే టీఏ యూనిట్లను నిలబెట్టాయి. డ్రైవరు యూనిఫాంలో కూడా రైలే నడుపుతాడు. రిఫైనరీ ఇంజినీరు యుద్ధకాలంలోనూ పైపులైనే చూసుకుంటాడు. పనిచేసే నైపుణ్యం ఒకటే, యజమాని ఒక్కడే, సెలవు బేరాలు ఉండవు. వారు సైన్యం నుంచి నేర్చుకోవాల్సింది క్రమశిక్షణ, ఆయుధం, బాంబులు పడుతున్న చోట కూడా పని ఆపకపోవడం. ప్రభుత్వోద్యోగులనూ, ప్రజోపయోగ సర్వీసుల సిబ్బందినీ అవసరమైతే తప్పనిసరిగా టీఏలోకి తీసుకునే వీలును కూడా చట్టంలో చేర్చారు.

ఈ పొత్తుకు మరో ముఖం 1974 మేలో బయటపడింది. జార్జి ఫెర్నాండెజ్ నాయకత్వంలో రైల్వే కార్మికులు దేశవ్యాప్తంగా సమ్మెకు దిగారు. మే 8న మొదలై 27 వరకు సాగిన ఆ సమ్మెలో రైళ్లు నడపడానికి ప్రభుత్వం రైల్వే టీఏ యూనిట్లను రంగంలోకి దించింది. ఆ యూనిట్లలో ఉన్నది రైల్వే ఉద్యోగులే. కార్మికుడిగా సంఘంతో నిలబడాలా, సైనికుడిగా ఇంజనెక్కాలా అని ఎంచుకునే స్వేచ్ఛ ఎంబాడీ అయిన మనిషికి ఉండదు, ఎందుకంటే ఎక్కకపోతే అది సమ్మె అనిపించుకోదు, సైనిక నేరమవుతుంది. రెండు కొలువులూ ఒకే యజమాని చేతిలో ఉండటంలోని సుఖం, కష్టం రెండూ ఆ ఇరవై రోజుల్లో కనిపించాయి.

రైల్వే యూనిట్ల ప్రాభవం తర్వాత తగ్గిపోయింది. ఆరు రెజిమెంట్లలో ఝాన్సీ, కోటా, అడ్రా, చండీగఢ్, సికింద్రాబాద్‌లలోని అయిదింటిని రద్దు చేయాలని ఇటీవలి ఏళ్లలో రైల్వే శాఖ నిర్ణయించింది. ఈశాన్య రాష్ట్రాల వైపు వెళ్లే కీలకమైన లైను కోసం బిహార్‌లోని జమాల్‌పూర్ రెజిమెంట్‌ను మాత్రం ఉంచారు. సికింద్రాబాద్‌కు టీఏతో బంధం పూర్తిగా తెగలేదు. గార్డ్స్ రెజిమెంట్‌కు అనుబంధంగా ఉన్న 125వ ఇన్‌ఫాంట్రీ బెటాలియన్ అక్కడే ఉంది.

ఎకలాజికల్ బెటాలియన్ల సంగతి వేరు. మొదటిదాన్ని 1982లో గఢ్వాల్ రైఫిల్స్ మాజీ సైనికులతో నిలబెట్టారు. సున్నపురాయి గనులు తొలిచేసిన ముస్సోరీ కొండల మీద మళ్లీ చెట్లు పెంచడం దాని పని. రిటైరైన సైనికులు సొంత ప్రాంతంలో దాదాపు పూర్తికాలం చేసే ఉద్యోగమిది. రెండు కొలువుల గొడవ వీరికి ఉండదు.

ప్రముఖులు, మహిళలు

టీఏ పేరు చెబితే చాలామందికి గుర్తొచ్చేది మహేంద్రసింగ్ ధోని. కపిల్‌దేవ్‌కు 2008లో, నటుడు మోహన్‌లాల్‌కు 2009లో, ధోనికీ షూటర్ అభినవ్ బింద్రాకూ 2011లో, నీరజ్ చోప్రాకు 2025లో లెఫ్టినెంట్ కల్నల్ హోదా ఇచ్చారు. ఇవి గౌరవ హోదాలు. ఏటా శిబిరానికి వెళ్లాలన్న నిబంధన వీరికి ఉండదు. ధోని తనంతట తానే 2015లో ఆగ్రాలో అయిదుసార్లు పారాచూట్‌తో దూకి అర్హత సాధించాడు. 2019లో క్రికెట్‌కు విరామమిచ్చి కశ్మీర్‌లో 106వ పారా బెటాలియన్‌తో రెండు వారాలు గస్తీ, కాపలా విధులు చేశాడు.

రాజకీయ నాయకుల్లో కొందరిది నిజమైన కమిషన్. 2012లో కేంద్ర సహాయ మంత్రిగా ఉండగానే సచిన్ పైలట్ ఎంపిక ప్రక్రియ దాటుకుని లెఫ్టినెంట్‌గా చేరారు. ఎంపీ అనురాగ్ ఠాకూర్ 2016లో చేరి, 2021లో కెప్టెన్ అయ్యారు. సిబ్బంది, సెక్రటరీలు ఉన్న మంత్రి రెండు నెలలు సర్దుకోవడం, సెలవు కోసం మెయిళ్లు రాసే చిన్న ఉద్యోగి సర్దుకోవడం ఒకటి కాదనుకోండి. అయినా యువతలో టీఏ గురించి ఆసక్తి పెరగడానికి ఈ వార్తలు పనికొచ్చాయి.

మహిళలకు తలుపు ఆలస్యంగా తెరుచుకుంది. 2016లో ఓఎన్‌జీసీ ఉద్యోగిని ఒకరు డిపార్ట్‌మెంటల్ యూనిట్ ద్వారా కమిషన్ పొందారు. మిగతా యూనిట్లలో మాత్రం మగవారికే అవకాశమని ప్రకటనలు వస్తూ ఉండేవి. చట్టంలో చేరడానికి అర్హులుగా చెప్పిన వ్యక్తుల్లో మహిళలూ ఉంటారని 2018 జనవరిలో ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పింది. ఆ తర్వాత ప్రకటనల్లో మహిళలకూ పోస్టులు వచ్చాయి. 2025 నాటి 19 అధికారి పోస్టుల్లో మహిళలకు దక్కింది ఒకటి.

జీతం, పింఛను, గాయం

శిక్షణలో గానీ విధుల్లో గానీ ఉన్నన్ని రోజులూ టీఏ అధికారికి రెగ్యులర్ అధికారితో సమానమైన జీతభత్యాలు ఉంటాయి. లెఫ్టినెంట్‌కు ఏడో వేతన సంఘం లెక్కన మూలవేతనం 56,100 రూపాయల నుంచి మొదలవుతుంది. మిలిటరీ సర్వీస్ పే 15,500, ఆపైన కరవుభత్యం, ఇతర అలవెన్సులు. క్యాంటీన్, వైద్యం లాంటి సదుపాయాలు కూడా విధుల్లో ఉన్న కాలానికే. హైదరాబాద్‌లో నెలకు రెండు లక్షలు తెచ్చుకునే సాఫ్ట్‌వేర్ ఇంజినీరు జీతం లేని సెలవు మీద వెళితే శిబిరం నెలల్లో చేతికి తక్కువే వస్తుంది. చిన్న ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పే మనిషికి అవే నెలలు ఏడాదిలో మంచి నెలలు. లెఫ్టినెంట్ కల్నల్ వరకు షరతులు పూర్తిచేస్తే సర్వీసు కాలాన్ని బట్టి ప్రమోషన్ వస్తుంది. కల్నల్, బ్రిగేడియర్ హోదాలకు ఎంపిక ఉంటుంది. ఆఫీసులో సెక్షన్ క్లర్కుగా ఉన్నవారు శిబిరంలో కంపెనీని నడపడం, ఆఫీసులో డివిజన్ నడిపేవారు శిబిరంలో ఒక కుర్ర మేజర్‌కు సెల్యూట్ కొట్టడం టీఏలో వింత కాదు.

పింఛను లెక్క చాలామందిని నిరాశపరుస్తుంది. టీఏలో చేరినప్పటి నుంచి గడిచిన ఏళ్లు ఇందులోకి రావు. ఎంబాడీ అయి విధుల్లో ఉన్న కాలాన్నే కలుపుతారు. అలా జవాన్లకు 15 ఏళ్లు, అధికారులకు 20 ఏళ్లు పూర్తవ్వాలి. ఏటా రెండు నెలల శిబిరాలతో సరిపెట్టుకునే అధికారి ఇరవై ఏళ్లలో పోగేసేది మూడేళ్ల నాలుగు నెలలు. కాబట్టి పార్ట్‌టైమ్‌గానే ఉండిపోయినవారికి సైనిక పింఛను రాదు. ఏళ్ల తరబడి ఎంబాడీ అయి ఉన్న యూనిట్లవారికే అది వస్తుంది, వారేమో పౌర ఉద్యోగాన్ని ఎప్పుడో వదులుకుని ఉంటారు. వృద్ధాప్యపు ఆసరాను పౌర ఉద్యోగంలోని ప్రావిడెంట్ ఫండ్‌లోనో ఎన్‌పీఎస్‌లోనో చూసుకోవాలి.

గాయపడితే? దీని మీద 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు స్పష్టత ఇచ్చింది. ఎకలాజికల్ యూనిట్‌లో పనిచేస్తున్న మాజీ సైనికుడొకరు సెలవు కాలంలో జరిగిన ప్రమాదంలో కాలు పోగొట్టుకున్నారు. సర్వీసు నుంచి పంపించేశారు. ఆ యూనిట్ నిబంధనల్లో పింఛను లేదని అధికారులు వికలత్వ పింఛను నిరాకరించారు. ఎకలాజికల్ దళం టీఏలో భాగమనీ, టీఏకు వర్తించే పింఛను నిబంధనలు వారికీ వర్తిస్తాయనీ కోర్టు తేల్చింది. చేరేటప్పుడు పింఛను అడగనని సంతకం చేయించుకున్నామన్న వాదన నిలబడలేదు. బేరమాడే శక్తి లేని చోట పెట్టిన సంతకానికి అంత విలువ ఇవ్వకూడదన్నది కోర్టు మాట.